వెనక వచ్చేవాడికి కనపడాలి

ట్రాక్టరు నడిపే మనిషికి తన వెనక ఉన్న ట్రక్కు లైటు కనపడదు. హెడ్‌లైటు పోతే ఆ క్షణమే తెలుస్తుంది. దారి కనపడదు గనక ఆ పూటే బాగుచేయించుకుంటాం. వెనక బల్బు పోతే పంటకాలమంతా గడిచిపోయినా మనకు వచ్చే ఇబ్బందేమీ ఉండదు. ఇబ్బందంతా వెనక నుంచి వచ్చేవాడిది. మనం వాయిదా వేస్తూ పోయే పనుల్లో ఇలాంటివి చాలా ఉంటాయి. చేస్తే మేలు ఇంకొకరికి, చేయకపోతే దెబ్బ కూడా ముందు ఇంకొకరికే. ఈ అధ్యాయం అలాంటి ఒక్క పని గురించి. ట్రాక్టరు ట్రక్కుకు (మీ వైపు తొట్టి అంటారేమో, ట్రాలీ అంటారేమో) ఎల్‌ఈడీ లైట్లు పెట్టుకుని, అవి ఏళ్ల తరబడి వెలిగేలా చూసుకోవడం ఎలాగో చెబుతాను. ఇళ్లలో బల్బులు 2015లో ఉజాలా పథకం మొదలైన దగ్గర్నుంచి చకచకా మారిపోయాయి. ట్రక్కు వెనక మాత్రం ఇంకా పగిలిన ఎర్ర గాజు, దాని లోపల తుప్పు పట్టిన హోల్డరు.

ముందు ఒక చిన్న లెక్క చూడండి. లోడుతో మీ బండి గంటకు 20 కిలోమీటర్ల వేగంతో పోతోంది. వెనక ఒక కారు 80లో వస్తోంది. రెండింటి మధ్య దూరం సెకనుకు దాదాపు 17 మీటర్ల చొప్పున తగ్గిపోతుంది. ఎదురుగా బళ్లున్నాయని అతను డిమ్ వేసుకుంటే, లైటు లేని మట్టి రంగు ట్రక్కు సుమారు 50 మీటర్ల దగ్గరికి వస్తేగాని ఆనదు. అంటే అతని చేతిలో ఉన్నది మూడు సెకన్లు. ముందున్నదేమిటో పోల్చుకుని కాలు బ్రేకు మీదికి తేవడానికే అందులో ఒకటిన్నర సెకను పోతుంది. మిగిలిన దూరం పాతిక మీటర్లు. అతను బైకు మీద ఉంటే పరిస్థితి ఇంకా ఘోరం. ట్రక్కు వెనక తలుపు దాదాపు అతని ఛాతీ ఎత్తులో ఉంటుంది. చిన్న ఎర్ర లైటు ఒకటి వెలుగుతూ ఉంటే చాలు, అదే మనిషికి మీరు కొన్ని వందల మీటర్ల ముందే కనపడతారు.

మన దగ్గర ట్రాక్టర్లు దూరప్రయాణం చేసేది ఎక్కువగా చీకట్లోనే. గుంటూరు మిర్చి యార్డుకైనా, వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకైనా తెల్లారేసరికి చేరాలంటే రాత్రే బయల్దేరాలి. చోడవరం వైపు చెరకు బళ్లదీ అదే కథ. పైగా వడ్లు, పత్తి, చెరకు రోడ్డెక్కేది మంచు పడే నెలల్లో.

ఎల్‌ఈడీ అనగానే అందరూ వెలుగు గురించే మాట్లాడతారు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద కారణం ఒకటుంది. కదిలే ట్రక్కు కన్నా ఆగిపోయిన ట్రక్కే ప్రమాదం. దారిలో టైరు పంచరవుతుంది, లేదా మార్కెట్టు గేటు ముందు వరసలో రాత్రంతా నిలబడాల్సి వస్తుంది. ఇంజను ఆపగానే లైట్లూ ఆపేస్తారు. అది నిర్లక్ష్యంతో చేసే పని కాదు, పొద్దున్నే బ్యాటరీ దిగిపోయి సెల్ఫు తీసుకోదన్న భయంతో చేసేది. ఆ భయం నిజమైనదే. ముందు రెండు, వెనక రెండు, నంబరు ప్లేటుకు ఒకటి, అన్నీ 5 వాట్ల మామూలు బల్బులనుకుందాం. మొత్తం 25 వాట్లు, అంటే 12 వోల్టుల మీద రెండు ఆంపియర్లకు పైగా. పది గంటలు వెలిగితే 20 ఆంపియర్-అవర్లు ఖర్చు. దానికి తోడు నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి కొట్టుకునేలా వేస్తే, ఒక్కోటి 21 వాట్లు, సగం సేపే వెలుగుతాయి గనక సగటున మూడున్నర ఆంపియర్లు. ఈ రెండూ కలిసి రెండేళ్లు వాడిన 75 ఆంపియర్-అవర్ల బ్యాటరీని తెల్లారేసరికి దాదాపు ఖాళీ చేస్తాయి.

అవే లైట్లు ఎల్‌ఈడీలైతే పార్కింగు వెలుగులో ఒక్కోటి ఒక వాటు దరిదాపుల్లో తీసుకుంటుంది. రాత్రంతా కలిపి నాలుగు ఆంపియర్-అవర్లు. సెల్ఫుకు ఏ ఢోకా లేదు. ఆగిన చోట లైటు ఆర్పాల్సిన అవసరం తప్పిపోతుంది. ఇంకే లాభం లేకపోయినా ఈ ఒక్కదాని కోసం మారొచ్చని నేను గట్టిగా చెబుతాను.

మిగతావి త్వరగా చెప్పుకుందాం. మన ట్రక్కుల్లో చాలావాటికి పట్టీలు, స్ప్రింగులు ఉండవు. ప్రతి గతుకూ నేరుగా బల్బులోని తీగకు తగులుతుంది. అది తెగిపోవడానికి పొలం గట్టు దిగే కుదుపులు చాలు. ఎల్‌ఈడీలో అలా తెగే తీగ లేదు. బ్రేకు విషయంలో ఇంకో తేడా ఉంది. మామూలు బల్బు కాగి పూర్తి వెలుగుకు రావడానికి సెకనులో ఐదో వంతు పడుతుంది. ఎల్‌ఈడీకి ఆ ఆలస్యం లేదు. 80లో వస్తున్న కారు ఆ కాస్త సమయంలోనే నాలుగు మీటర్లకు పైగా మీదికి వచ్చేస్తుంది.

దుకాణానికి వెళ్తే రెండు రకాలు చూపిస్తారు. పాత లైటు డబ్బాలోనే బల్బు తీసి పెట్టుకునే ఎల్‌ఈడీ బల్బు ఒకటి, డబ్బాతో సహా మార్చే సీల్డ్ లైటు ఇంకొకటి. కారుకో జీపుకో అయితే మొదటిది ఆలోచించవచ్చు. ట్రక్కుకు మాత్రం రెండోదే కొనండి. పాత డబ్బాలో హోల్డరు అప్పటికే తుప్పు పట్టి ఉంటుంది. వాన నీరు, దమ్ము బురద, పంపుతో కడిగే నీరు అన్నీ అందులోకే చేరతాయి. పైగా ఆ డబ్బాలోని అద్దపు గిన్నెను, వెలుగును అన్ని వైపులకూ చిమ్మే బల్బు కోసం చేశారు. ఒకే వైపు వెలిగే ఎల్‌ఈడీని అందులో పెడితే ఎదురుగా నిలబడినవాడికి బాగానే కనపడుతుంది, పక్కగా మలుపులో వచ్చేవాడికి కనపడదు. సీల్డ్ లైటు మీద ఐపీ67 అని ఉందేమో చూడండి. మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోపలికి నీరు చేరదని దాని అర్థం.

పాత డబ్బాలోనే బల్బు మార్చుకోక తప్పకపోతే రంగు విషయంలో పొరపాటు పడకండి. ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్‌ఈడీ, నారింజ గాజు వెనక నారింజ ఎల్‌ఈడీ పెట్టాలి. తెల్ల ఎల్‌ఈడీ వెలుగులో నీలం పాళ్లు ఎక్కువ, ఎరుపు తక్కువ. ఎర్ర గాజు ఆ నీలాన్ని ఆపేస్తుంది. మిగిలేది పాలిపోయిన వెలుగు. టెయిల్‌కూ బ్రేకుకూ ఒకటే బల్బు వాడే చోట డబుల్ కాంటాక్ట్ బల్బు అడగాలి. పాతదాని మీద 21/5 వాట్లు అని ఉంటుంది, పక్కనుండే రెండు పిన్నులు ఎత్తుపల్లాల్లో ఉంటాయి. చవక ఎల్‌ఈడీలతో వచ్చే చిక్కు ఇక్కడే. టెయిల్ వెలుగుకూ బ్రేకు వెలుగుకూ తేడా సరిగా ఉండదు. దుకాణంలోనే బ్యాటరీకి కలిపించి రెండూ వెలిగించి చూడండి. బ్రేకు వేసిన సంగతి పదడుగుల దూరంలో పట్టపగలు కూడా స్పష్టంగా తెలియకపోతే అది వద్దు.

ఇంకో మాట అడగాలి. ఎన్ని వోల్టుల లైటు? ట్రాక్టరుది 12 వోల్టులు, పెద్ద లారీలది 24. అయినా ట్రాక్టరుకు కూడా 9 నుంచి 32 వోల్టుల వరకు తట్టుకునేది తీసుకోవడం మేలు. టెర్మినలు వదులైనా, రెగ్యులేటరు పాడైనా ఆల్టర్నేటరు నుంచి వోల్టేజీ ఎగసిపడుతుంది. మామూలు బల్బు దాన్ని కొంత ఓర్చుకుంటుంది, ఎల్‌ఈడీ లోపలి చిన్న సర్క్యూట్ ఓర్చుకోలేదు. లైట్లు కొనకముందే ఇంజను రేజు చేసి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర మల్టీమీటరు పెట్టి చూడండి. 13.8 నుంచి 14.5 మధ్య చూపిస్తే సరే. 15 దాటితే ముందు ఆ సంగతి చూసుకున్నాకే లైట్ల మాట.

ఇక వైరింగు. ఇక్కడ తొందరపడకండి. కొత్త లైటు పెట్టాక కొన్నాళ్లకే మిణుకుమిణుకుమంటోందనో, ఆరిపోయిందనో తిరిగొచ్చే బళ్లలో లైటు తప్పు కన్నా ఎర్తు తప్పే ముందు వెతకాలి. కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి తీగ వెంట లైటుకు వెళ్తుంది. అది మైనస్‌కు తిరిగి రావడానికీ ఒక దారి కావాలి. చాలా ట్రక్కుల్లో ఆ తిరుగుదారికి తీగే వేయరు. లైటు బోల్టు నుంచి ట్రక్కు చాసిస్, అక్కణ్నుంచి డ్రాబారు, హిచ్ పిన్ను, చివరికి ట్రాక్టరు బాడీ. మధ్యలో రంగు, తుప్పు, గ్రీజు, మట్టి. గతుకుల్లో పిన్ను కదిలినప్పుడల్లా ఆ దారి తెగుతుంది, కలుస్తుంది. మామూలు బల్బులో తీగ వేడి మీద ఉంటుంది గనక ఆ కాస్త తెగుదల కంటికి ఆనదు. ఎల్‌ఈడీ ప్రతి తెగుదలనూ చూపిస్తుంది.

ఎర్తు సరిగా లేదని చెప్పే ఇంకో గుర్తు ఉంది. బ్రేకు నొక్కితే ఇండికేటరు కూడా మసగ్గా వెలుగుతుంది, లేదా ఇండికేటరు వేస్తే టెయిల్ లైటు దానితో పాటు కొట్టుకుంటుంది. తిరుగుదారి దొరకని కరెంటు పక్క లైటు గుండా దారి వెతుక్కుంటోందన్నమాట. దీనికి మందు ఒకటే. ట్రక్కు లైట్లన్నిటి ఎర్తునూ ఒక తీగకు కలిపి, దాన్ని ప్లగ్గు గుండా ట్రాక్టరు బ్యాటరీ మైనస్ వరకు తీసుకెళ్లాలి. హిచ్ పిన్నును నమ్ముకోకూడదు. ఆ ఎర్తు తీగ మిగతావాటి కన్నా లావుగా, 1.5 చదరపు మిల్లీమీటర్లది వేయించండి. మిగతావాటికి ఒక చదరపు మిల్లీమీటరు చాలు. అన్నీ ఎక్కువ పోగులున్న ఆటో వైరే కావాలి. ఇంటి కరెంటుకు వాడే ఒంటి పోగు తీగ ఆ కుదుపులకు లోపలే విరిగిపోతుంది, పైకి బాగున్నట్టే కనపడుతుంది.

తీగ మందం గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. కాలువ చివరి పొలానికి నీళ్లు చేరనట్టే, సన్నటి తీగ చివరనున్న బల్బుకు వోల్టేజీ చేరదు. అర చదరపు మిల్లీమీటరు తీగ ఎనిమిది మీటర్లు పోయి రెండు 21 వాట్ల బ్రేకు బల్బులను వెలిగించాలంటే దారిలోనే దాదాపు ఒక వోల్టు పోతుంది. ఒక్క వోల్టేగా అనిపిస్తుంది, కాని మామూలు బల్బు వెలుగు దానితో సుమారు నాలుగో వంతు పడిపోతుంది. ఎల్‌ఈడీ లాగే కరెంటు అందులో చాలా కొంచెం గనక అదే తీగలో పదో వంతు వోల్టు కూడా పోదు. అలాగని పాత తీగలే ఉంచేయమని నేను చెప్పడం లేదు. ఎలుకలు కొరికినవి, టేపు చుట్టి అతికినవి ఉంటే అన్నీ పీకించి కొత్తవి వేయించండి. అతుకులు తప్పనిసరైతే సోల్డరింగు చేయించి మీద స్లీవు ఎక్కించాలి. తీగలన్నీ ఫ్లెక్సిబుల్ పైపులో పెట్టి, చాసిస్ లోపలి అంచు వెంట క్లిప్పులు వేయించాలి. కింద వేలాడే తీగను మొక్కజొన్న మోళ్లు ఒక్క రోజులో తెంపేస్తాయి.

ట్రాక్టరు వెనక ఏడు పిన్నుల సాకెట్టు ఉంటే పని తేలిక. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 1724 ప్రకారం ఒకటో పిన్ను ఎడమ ఇండికేటరు, మూడోది ఎర్తు, నాలుగోది కుడి ఇండికేటరు, ఐదోది కుడి టెయిల్ లైటు, ఆరోది బ్రేకు, ఏడోది ఎడమ టెయిల్ లైటు. రెండోది పొగమంచు లైటుకు. మేస్త్రీలు చేతికందిన రంగు తీగలు వాడేస్తారు గనక రంగును నమ్మొద్దు, పిన్ను పక్కన పోతపోసిన అంకెనే నమ్మండి. ఇలా ప్రమాణం ప్రకారం కలిపిస్తే మీ ట్రక్కును పక్కింటి ట్రాక్టరుకు తగిలించినా లైట్లు వెలుగుతాయి. కోతల రోజుల్లో ట్రక్కులు చేతులు మారడం మామూలే కదా.

ఎల్‌ఈడీ పెట్టాక ఇండికేటరు టకటకా మరీ వేగంగా కొట్టుకోవడమో, అసలు కొట్టుకోకుండా వెలిగిపోవడమో జరిగితే కంగారు పడకండి. పాత ఫ్లాషరు బల్బులు లాగే కరెంటును బట్టి పనిచేస్తుంది. ఎల్‌ఈడీ తక్కువ లాగేసరికి ఒక బల్బు పోయిందని అది అనుకుంటుంది. కొందరు దీనికి లోడ్ రెసిస్టరు పెడతారు. 6 ఓమ్‌ల రెసిస్టరు 12 వోల్టుల మీద రెండు ఆంపియర్లు లాగి ఆ 24 వాట్లనూ వేడిగా వదులుతుంది. చెయ్యి పెడితే కాలుతుంది, ప్లాస్టిక్‌కు తగిలితే కరుగుతుంది, మిగుల్చుకున్న కరెంటంతా అక్కడే ఆవిరవుతుంది. అది వద్దు. ఎల్‌ఈడీకి సరిపడే ఎలక్ట్రానిక్ ఫ్లాషరు అడిగి వేయించండి.

ఇప్పుడు హెడ్‌లైటు. వెనకవి మార్చిన ఉత్సాహంలో ముందుకూ ఎల్‌ఈడీ బల్బు తొడిగేద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. హెచ్4 హాలోజన్ హెడ్‌లైటులో అద్దం వంపు మొత్తం, 60/55 వాట్ల బల్బు తీగలు ఎక్కడుంటాయో కచ్చితంగా ఆ చోటును బట్టి చేసినది. ఎల్‌ఈడీ చిప్పు ఒక మిల్లీమీటరు పక్కకు జరిగినా డిమ్ గీత చెదిరిపోతుంది. మీకు దగ్గర్లో రోడ్డు తెల్లగా మెరుస్తుంది, ఎదురుగా వచ్చేవాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. హెడ్‌లైటు వెలుగు చాలడం లేదనిపిస్తే గాజు తుడవండి, లోపలి అద్దం మసకబారితే మార్చండి, రిలే పెట్టించి లావు తీగతో బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇప్పించండి. వెలుగు పెరగడం మీకే తెలుస్తుంది.

రంగుల విషయంలో చట్టం కూడా ఖచ్చితంగానే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 108వది బండి ముందు వైపు ఎర్ర వెలుగు చూపకూడదంటుంది. వెనక వైపు ఎరుపు తప్ప వేరేది కూడదు. ఇండికేటరు, రివర్సు లైటు, నంబరు ప్లేటు లైటు వంటివి మినహాయింపు. కాబట్టి వెనక మిలమిలలాడే నీలం, పచ్చ స్ట్రిప్పులు అలంకారానికి కూడా వద్దు. దూరం నుంచి చూసేవాడు ఎరుపు కనపడితేనే ముందు ఒక బండి వెనక భాగం ఉందని గుర్తుపడతాడు.

లైట్లు ఎక్కడ బిగించాలన్నది మేస్త్రీకి వదిలేయకుండా మీరే దగ్గరుండి చూసుకోవాలి. గడ్డి, పత్తి, చెరకు ఎత్తినప్పుడు లోడు వెనక్కి వాలి లైట్లను కప్పేస్తుంది. ఎంత మంచి ఎల్‌ఈడీ అయినా గడ్డి వెనక ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు. చాసిస్ చివర, తలుపు కింది అంచుకు ఇనుప పట్టీ వెల్డింగు చేయించి, రెండు మూలలకూ బాగా చివరగా బిగించండి. ట్రక్కు వెడల్పు ఎంతో వెనకవాడికి ఆ రెండు లైట్ల మధ్య దూరమే చెబుతుంది. చెరకు గడలు మరీ బయటికి వస్తే లోడు చివర కట్టుకోవడానికి అదనపు తీగతో ఒక లైటు, లేదా చార్జింగు ఎర్ర లైటు ఒకటి దగ్గరుంచుకోండి. వీటితో పాటు వెనక ఎరుపు, పక్కల పసుపు, ముందు తెలుపు రిఫ్లెక్టర్ టేపు అతికించండి. కరెంటు మొత్తం పోయిన రాత్రి కూడా అది పనిచేస్తుంది. ఇనుమును శుభ్రంగా కడిగి ఆరబెట్టాకే అతికించాలి, దుమ్ము మీద వేస్తే నెల తిరక్కుండా ఊడొస్తుంది.

అన్నీ బిగించాక చూసుకోవడం ఒక అలవాటుగా మారాలి. దానికి వేరే సమయం కేటాయించుకుంటే నాలుగు రోజుల్లో మర్చిపోతాం. ట్రక్కు తగిలించినప్పుడు హిచ్ పిన్నుకు క్లిప్పు పెట్టకుండా ఎవరూ కదలరు. ఆ క్లిప్పు పెట్టిన చేత్తోనే ప్లగ్గు పెట్టండి. పార్కింగు లైటు వేసి, ఎడమ, కుడి ఇండికేటర్లు వేసి చుట్టూ ఒకసారి తిరిగి రండి. బ్రేకు లైటుకు ఇంకొక మనిషి కావాలి. ఇంట్లో పిల్లవాణ్ని వెనక నిలబెట్టి అడగండి. అప్పుడే రోడ్డు మీదికి పోయే ముందు రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే లాకు కూడా వేసేయండి. అది లేకుండా వేగం మీద ఒక్క పెడలు నొక్కితే ట్రాక్టరు ఒక పక్కకు లాగేస్తుంది.

ఎల్‌ఈడీ లైటులో పది పన్నెండు చిప్పులుంటే అవి ఒక్కసారిగా పోవు, రెండు మూడు చొప్పున ఆరుతూ వస్తాయి. వెలుగుతోంది కదా అని ఊరుకుంటూ పోతే ఒకరోజు చూసేసరికి రెండు చుక్కలే మిగిలి ఉంటాయి. మూడో వంతు చిప్పులు ఆరినప్పుడే మార్చేయండి. ఇంకో విషయం, ఎల్‌ఈడీ గాజు వేడెక్కదు. పాత బల్బు వేడికి ఆరిపోయే మంచూ తడీ దీని మీద అలాగే ఉండిపోతాయి. దమ్ము చేసి వచ్చాక, తెల్లవారుజామున బయల్దేరేటప్పుడు తడిగుడ్డతో ఒకసారి తుడవాలి.

టూలు బాక్సులో అదనపు ఫ్యూజులు, చిన్న టెస్ట్ ల్యాంపు, టేపు, రెండు మీటర్ల తీగ, ఒక ఎర్ర చార్జింగు లైటు పెట్టుకోండి. ఏటా కోతలకు నెల ముందు ప్లగ్గు విప్పించి పిన్నులను సన్నటి ఎమరీ కాగితంతో రుద్ది, కాస్త వాసెలిన్ రాసి, మూత బిగించండి.